చిన్నాయన కొడుకు

లెబనాన్ అంతర్యుద్ధం మీద ఎప్పుడో తీసిన డాక్యుమెంటరీ సీరియల్‌ను ఒక అరబ్ చానల్ మళ్లీ వేస్తోంది. నిన్న మా ఆఫీసు క్యాంటీన్‌లో టీ తాగుతూ తలెత్తితే, గోడమీది టీవీలో ఆ ముసలాయన కనిపించాడు. తెల్ల చొక్కా, వెనక పటం కూడా లేని గోడ. ధ్వని తీసేసి ఉంది. మాట మొదలుపెట్టే ముందు ఆయన కింది పెదవిని పళ్లతో పట్టుకుంటాడని నాకు తెలుసు. పట్టుకున్నాడు. నేను అనుకోకుండా పక్కకు చూశాను, ఆపమని సైగ వస్తుందేమోనని. సైగ చేసే మనిషి ఇప్పుడు లేడు. ఈ వేసవి మొదట్లో అనంతపురం జిల్లాలో, తన ఇంట్లో పోయాడు.

ఆ సైగల మనిషి జీవితమంతా రాసేటంత నాకు తెలియదు. తెలిసిన కొంచెం రాస్తాను. పేరు రాయను. ఎందుకో చదివితే తెలుస్తుంది.

సౌదీలో, రాస్ తనూరా రిఫైనరీ దగ్గర మేమిద్దరం ఒకే కాంట్రాక్టు కంపెనీ క్యాంపులో ఉండేవాళ్లం. నేను డ్రాయింగులు, కాగితాలు చూసే ఆఫీసులో. ఆయన రిగ్గర్. క్రేన్ ఎత్తే బరువుకు బెల్టులు, కొక్కేలు తగిలించి, కింద నిలబడి, పైన క్యాబిన్‌లో ఉన్న ఆపరేటర్‌కు చేతులతో దారి చెప్పే మనిషి. రిఫైనరీలో అంత రొద మధ్య మాట వినపడదు కనుక ఆ పనంతా చేతులతోనే. ఏళ్ల తరబడి అదే పని చేయడం వల్ల ఆయన చేతులు మెస్సులో కూడా ఊరుకునేవి కావు. పప్పు వడ్డించేవాడికి బొటనవేలు కిందకు చూపించేవాడు, ఇంకొంచెం దించమని. చాలనుకుంటే చెయ్యి చాచి, అరచేయి నేలవైపు పెట్టి అటూ ఇటూ ఊపేవాడు. అది ఆపమని. కొత్తగా వచ్చిన వంటవాడు ఒకసారి ఆ ఊపు చూసి తనను పొమ్మంటున్నాడనుకుని, గరిటె పట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు.

శుక్రవారం మధ్యాహ్నం క్యాంపు టీవీ హాలు ఆయనది. అలాగని రాసి ఇచ్చినవారెవరూ లేరు. భోజనం కాగానే వచ్చి టీవీకి మరీ దగ్గరగా కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను లాప్‌టాప్ తెచ్చి టీవీకి తగిలించేవాణ్ణి. ఆ సీరియల్ ఇంటర్నెట్‌లో దొరికేది, మాటలు అరబ్బీ, కింద ఇంగ్లీషు అక్షరాలు. ఆయనకు అరబ్బీ బజారులో బేరానికి సరిపడా వచ్చు. ఇంగ్లీషు చదివేలోపు అక్షరాలు మారిపోయేవి. అందుకని నేను చదువుతూ తెలుగులో చెప్పేవాణ్ణి. అన్ని భాగాలూ అయిపోయాక మళ్లీ మొదటినుంచి పెట్టమనేవాడు.

"మళ్లీ ఆ ముసలోళ్ల గోలేనా బాబాయ్?" అనేవాడు గోదావరి జిల్లా ఎలక్ట్రీషియన్ ఒకడు, తలుపు దగ్గర నిలబడి. "ఒక్క శుక్రవారం సినిమా పెట్టుకోనివ్వండి. మేమూ మనుషులమే."

"పెట్టుకో పో, నీ ఫోన్‌లో. ఎవరు వద్దన్నారు?"

"వాళ్ల యుద్ధం ఎప్పుడో అయిపోయింది. చూసి మీరేం చేస్తారు, రాజీ కుదురుస్తారా?"

"నువ్వు కూర్చుంటే కూర్చో. లేకుంటే తలుపేసి పో. ఏసీ గాలంతా బయటికి పోతాంది."

అతను కూర్చునేవాడు. ముందు ఎగతాళికి, తర్వాత నిజంగానే. అలా కూర్చున్నవాళ్లు చాలామందే ఉండేవారు. సూడాన్ స్టోర్‌కీపర్ ఒకాయన కూడా వచ్చాడు. ఒక భాగం సగంలో లేచి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. ఎందుకని మేమెవ్వరం అడగలేదు. వాళ్ల దేశం సంగతి రోజూ వార్తల్లో వింటూనే ఉన్నాం.

ఆ సీరియల్‌లో ఏముందని అడిగితే చెప్పడం కష్టం. యుద్ధాల గురించి నేను కొంత చదివాను. పుస్తకాల్లో కారణాలుంటాయి, ఒప్పందాలుంటాయి. ఇందులో అవి తక్కువ. ఒక వీధికి అటు పక్కా ఇటు పక్కా కాల్చుకున్న మనుషులు, ముసలివాళ్లయ్యాక, ఒక్కొక్కరే వచ్చి గోడ ముందు కుర్చీలో కూర్చుంటారు. కెమెరా కదలదు. అడిగేవాడు కనిపించడు. తప్పు ఎవరిదని తేల్చే గొంతు వెనకనుంచి రాదు. కొందరు గడగడా చెప్పేస్తారు, కొందరు నీళ్లు అడుగుతారు. అంతే. ఆ అంతే అన్నదాన్ని అన్ని దేశాల వాళ్లూ పని అలసటతో, నిద్రమాని చూసేవారు. తీసినవాళ్లు తమ తీర్పు చెప్పి ఉంటే మేము ఒక్కసారి చూసి ఊరుకునేవాళ్లమేమో. చెప్పలేదు కనుక ప్రతిసారీ చూసేవాళ్లే తేల్చుకోవలసి వచ్చేది. అదీ ఒక్కోసారి ఒక్కో రకంగా.

ఆయన మటుకు తేల్చేవాడు కాదు. చుట్టరికాలు కలిపేవాడు. తెరమీద మొహం రాగానే వరస పెట్టేసేవాడు. "ఈ మామ అబద్ధమాడతాండాడు. చూడు, చేతులు తొడల కింద పెట్టుకున్యాడు." "ఈ చిన్నాయన పాపం, చెప్పల్లనే వచ్చినాడు, నోరు రాలేదు." ఒక పక్కవాళ్లంతా మామలూ బావలూ, ఇంకో పక్కవాళ్లంతా చిన్నాయనలూ పెదనాయనలూ అయ్యారు. ఆయన ఊళ్లో పిలుపులు అలాగే ఉండేవట. కొట్టుకునే రోజుల్లో కూడా ఆ పిలుపులు మారలేదని ఒకసారి అన్నాడు.

"మరి మాకు వరస కలపరేంటి బాబాయ్?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

"మీతోనా? పులుసులో బెల్లం ఏసేటోళ్లతో మాకేం చుట్టరికమప్పా!"

ఆయన ఆగేది ఒక్కచోటే. మాట్లాడే మనిషి 'జరిగిపోయింది' అన్నా, 'వాళ్లు చేశారు' అన్నా, 'మావాళ్లు' అన్నా కదిలేవాడు కాదు. 'నేను' అంటే మాత్రం చెయ్యి చాపి ఊపేవాడు. నేను ఆపేవాణ్ణి. ఆగిపోయిన మొహాన్ని చూసేవాడు. తర్వాత ఒక చేతి కింద ఇంకో చేయి కదిలించేవాడు, నెమ్మదిగా పోనివ్వమని. వీడియోకి నెమ్మది లేదని ఎన్నిసార్లు చెప్పినా ఆ సైగ మానలేదు.

నేను మొదట చెప్పిన ముసలాయన వచ్చే భాగం ఆయనకు అన్నిటికంటే ఇష్టం. ఇష్టం అన్న మాట సరైంది కాదు, కానీ ఆ భాగాన్నే ఎక్కువగా పెట్టించుకునేవాడు. ముసలాయన పెదవి పట్టుకుని, వదిలి, "నన్నెవరూ బలవంతం చేయలేదు" అని మొదలుపెడతాడు. తర్వాత, తన చేతులతోనే ఒకణ్ణి కాల్చానని చెబుతాడు. వాడు తన కజిన్ అని కింద ఇంగ్లీషులో పడుతుంది. చనిపోయినవాడు వయసులో చిన్న. నేను తెలుగు చేసేటప్పుడు 'తమ్ముడు' అన్నాను. మనం అనేది అంతే కదా. దానికి వేరే మాట మనకు లేదు.

ఒక శుక్రవారం ఆయన ఎలక్ట్రీషియన్‌కు ఆ భాగాన్ని విప్పి చెబుతున్నాడు.

"విను. ఇబ్న్ అమ్మీ అంటాండాడు. ఇబ్న్ అంటే కొడుకు. అమ్మీ అంటే ఇంకేముంది, అమ్మే. అమ్మ కొడుకు. ఒక కడుపున పుట్టినోణ్ణి చంపుకున్యాడు. మళ్లా ఎంత నిదానంగా చెప్తాండాడో చూడు."

నాకు అప్పుడు తట్టింది. "అమ్మ కాదన్నా," అన్నాను. "అరబ్బీలో అమ్మ్ అంటే నాన్న తోడబుట్టినవాడు. ఇబ్న్ అమ్మీ అంటే చిన్నాన్న కొడుకు."

"అయితే ఇన్నాళ్లూ మాకు తప్పు కథ చెప్పారన్నమాట!" అని నవ్వాడు ఎలక్ట్రీషియన్.

ఆయన నవ్వలేదు. "చిన్నాయన కొడుకా? సొంత తమ్ముడు కాదా?" అని నన్నడిగాడు.

"కాదు. చిన్నాన్న కొడుకే."

ఆయన రెండు చేతులూ పొట్ట ముందు ఒకదాన్నొకటి పట్టుకున్నాడు. రిగ్గర్ల భాషలో దానికి, అన్నిటినీ ఎక్కడివక్కడ ఆపెయ్యమని అర్థం. నేను ఆపాను. లేచి గదికి వెళ్లిపోయాడు. ఆ తర్వాతి శుక్రవారం హాలుకు రాలేదు. సినిమా పెట్టుకున్నారు.

ఇక్కడ ఖఫ్జీ సంగతి చెప్పాలి. కువైట్ సరిహద్దు పక్కనున్న ఆ ఊళ్లో ఆయన చిన్నాయన చిన్న కొడుకు పనిచేసేవాడు, నూనె బావుల దగ్గర పంపు మెకానిక్‌గా. ప్రతి వారం ఫోన్ చేసేవాడు. ఆయన ఫోన్ ఎప్పుడూ స్పీకర్‌లోనే ఉండేది కనుక ఆ మాటలు మాకందరికీ తెలుసు.

"అన్నా, ఈ శుక్రవారమన్నా రా అన్నా. హమూర్ చేప తెచ్చి పెట్టినా."

"పనుండాది లేరా."

"నీకెప్పుడూ పనేనా? క్రేన్ నువ్వు లేకుంటే లేయదా?"

"వస్తాలే, వస్తా. పెట్టెయ్."

ఇన్నేళ్లలో ఒక్కసారీ వెళ్లలేదు. అంత ప్రేమగా పిలిచే తమ్ముడి దగ్గరకు వెళ్లడానికి ఈయనకేం గర్వమని క్యాంపులో అనుకునేవారు. నేనూ అలాగే అనుకున్నాను.

సినిమా వేసిన ఆ శుక్రవారం సాయంత్రం ఆయన నన్ను సముద్రం వైపు నడిపించుకుపోయాడు. కంచె ఇవతల సిమెంటు దిమ్మ మీద కూర్చున్నాం. తర్వాత చెప్పాడు.

ఊరు రెండు పార్టీలైనప్పుడు వాళ్ల నాయన ఒకవైపు, చిన్నాయన ఒకవైపు అయ్యారు. చిన్నాయన పెద్ద కొడుకును రోడ్డు మీద బస్సు ఆపి చంపారు. చంపినవాళ్లలో ఈయన లేడు. కేసులో పేరు లేదు. తర్వాత పెద్దమనుషులు రాజీ చేశారు, రెండిళ్లవాళ్లూ ఒకరి పెళ్లికి ఒకరు వెళ్లారు. చిన్నవాడు పెద్దయి సౌదీకి వచ్చాడు, దానికి దారి చూపించింది కూడా ఈయనే.

"కాని ఆ పొద్దు వాడు ఏ బస్సుకొస్తాడని మావోళ్లు అడిగితే చెప్పింది నేను సామీ. మా ఇండ్లు పక్కపక్కనే. నాకు తెలుసు. చెప్పినా."

"ఎందుకు అడుగుతున్నారో తెలుసా?"

"తెలుసు."

కంచె వైపు చూస్తూ ఆయనే మళ్లీ ఎత్తుకున్నాడు.

"ఆ ముసలాయప్ప సొంత తమ్ముణ్ణి చంపినాడనుకుంటి. నాకంటే పెద్ద పాపం చేసినోడు గూడా నోరు తెరిచి చెప్తాండాడే, ఎట్లా చెప్తాండాడో, మొదటి మాట యాడనుంచి ఎత్తుకుంటాండాడో అని చూస్తాంటి. చూస్తే వచ్చేస్తాదనుకుంటి. వాడు చేసింది పెద్దది, నాది చిన్నది అనుకుంటి. నువ్వేమో చిన్నాయన కొడుకు అంటివి. అంటే ఆయప్పా నేనూ ఒకటే గదా."

చిన్నాన్న కొడుకును దూరం పెట్టే మాట తెలుగులో లేదు. తమ్ముడే. అందుకే మనవాళ్లు అవసరమైనప్పుడు తోడబుట్టినవాళ్లకు ముందు 'సొంత' అని తగిలిస్తారు, అలా తగిలించని వాళ్లు కాస్త పక్కకు జరుగుతారు. ఆయన అన్నేళ్లూ ఆ కాస్త జాగాలో నిలబడి ఉన్నాడు. నేను అనువాదం సరిదిద్దితే అది పోయింది.

"వాడు అన్నా అని పిలిచినప్పుడల్లా..." అని మొదలుపెట్టి వదిలేశాడు. కొంచెం ఆగి, "కారు తీస్తావా? ఖఫ్జీ పోదాం," అన్నాడు.

"చెప్పకుండా ఉండొచ్చు కదన్నా," అన్నాను. నిజంగానే అలా అనుకున్నాను. "అతనికి ఉన్న ఒక్క అన్నా పోతాడు."

"వానికుండేది అన్న గాదు. వాడు అట్లనుకుంటాండాడు."

మరుసటి శుక్రవారం వెళ్లాం. ఉత్తరంగా పోయే ఆ రోడ్డు మీద చూడడానికి ఏమీ ఉండదు. దారిలో ఆయన ఒక్కసారే మాట్లాడాడు. "నన్నెవరూ బలవంతం చేయలేదు అనే మాట బాగుంటాది గాని, నాది అది గాదు. నన్ను అడిగినారు. నేను చెప్పినా. అంతే." ఆ వాక్యాన్ని తనలో తాను కుదించుకుంటున్నాడని నాకు అర్థమైంది.

చిన్నవాడు వీధిలోకి ఎదురొచ్చాడు. నలభై దాటిన మనిషి, పిల్లవాడిలాగా నవ్వుతున్నాడు. "రా అన్నా, రా! దారి మర్చిపోయినావేమో అనుకుంటి. చూడండి సార్, ఈయప్పను పిలిచి పిలిచి నా గొంతు పోయింది." చాప పరిచి, అన్నం, చేపల పులుసు తెచ్చి మధ్యలో పెట్టాడు. "ముందు తిను అన్నా, మళ్లీ మాట్లాడుదాం."

"మాట్లాడినాక తింటా. కూర్చో."

నేను లేవబోయాను. ఆయన నా మోచేయి పట్టుకున్నాడు. "ఉండు సామీ. నువ్వు పోతే నేను చెప్పను."

చెప్పాడు. పెదవి కొరుక్కోలేదు, నీళ్లు అడగలేదు. దారిలో కుదించుకున్న దానికంటే కూడా చిన్నగా చెప్పాడు. "మీ అన్న ఆ పొద్దు ఏ బస్సుకొస్తాడని అడిగితే, నేనే చెప్పినా. ఎందుకడుగుతాండారో తెలిసే చెప్పినా."

చిన్నవాడు నవ్వు మొహంతోనే ఉన్నాడు కాసేపు. మొహానికి ఇంకా అందలేదు. తర్వాత, "ఎవరడిగినారు?" అన్నాడు.

"అడిగినోళ్లు ఇప్పుడు లేరు. చెప్పినోడు ఉండాడు."

అతను లేచి బయటికి వెళ్లి మెట్ల మీద కూర్చున్నాడు. అసర్ బాంగు వినిపించింది. ఎదురుగా ఉన్న దుకాణం షట్టర్ దించారు. నమాజు అయిపోయి మళ్లీ ఎత్తారు. మేమిద్దరం చాప మీదే ఉన్నాం. అతను లోపలికి వచ్చి, రెండు పళ్లేలు కడిగి తెచ్చి, నాకు వడ్డించాడు, ఆయనకు వడ్డించాడు. మంచి ముక్క ఆయనకే వేశాడు. తను కూర్చోలేదు.

"చల్లారిపోయింది. తినండి," అన్నాడు.

నాతో అన్నాడనుకున్నాను. ఆయన వైపు చూసి అన్నాడు. వచ్చినప్పటినుంచీ రా, తిను అన్న మనిషి తినండి అన్నాడు. అన్నా అన్న పిలుపు లేదు. వాళ్ల వైపు అన్నను ఎవరూ అలా గౌరవించరు. ఆయన తల వంచుకుని పళ్లెంలో ఉన్నదంతా తిన్నాడు. చివరి మెతుకు దాకా తిన్నాడు. బయలుదేరేటప్పుడు కూడా అతను మర్యాదగా కారు దాకా వచ్చి, "జాగ్రత్తగా పోయి రాండి" అన్నాడు.

కారులో ఆయన ఏడ్వలేదు. "చెప్పినాక తేలిగ్గా ఉంటాదంటారే," అన్నాడు. "ఉండదు సామీ." రాస్ తనూరా రిఫైనరీ గొట్టాల మీది మంటలు దూరంగా కనిపిస్తుంటే మళ్లీ అన్నాడు, "అయినా చెప్పల్ల."

ఆ వారం ఫోన్ రాలేదు. ఆ తర్వాతా రాలేదు. శుక్రవారాలు ఆయన హాలుకు వచ్చి, నలుగురితో సినిమా చూసేవాడు. సీరియల్ పెట్టమని మళ్లీ అడగలేదు. ఎలక్ట్రీషియనే ఒకరోజు, "బాబాయ్, ఆ ముసలోళ్లని పెట్టండి, చూద్దాం. తర్వాత ఏమైందో నాకు తెలియాలి," అన్నాడు. "ఏమీ కాదబ్బీ. చెప్తారు, లేచి ఇంటికి పోతారు," అన్నాడు ఆయన. వయసైపోయిందని కంపెనీ ఎగ్జిట్ వీసా కొట్టి ఇంటికి పంపించినప్పుడు, విమానాశ్రయంలో ఫోన్ తీసి ఖఫ్జీ నంబరు చూసుకున్నాడు. చేయలేదు. మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

ఈ వేసవి మొదట్లో ఆయన కొడుకు నాకు కబురు పెట్టాడు. గుండె ఆగిపోయిందట. నేను ఖఫ్జీకి ఫోన్ చేశాను. అవతల అంతా విని, "తెలిసింది సార్," అని పెట్టేశాడు. నేను మళ్లీ చేయడానికి సంకోచించాను. అతని దగ్గర దుఃఖం ఆశించే హక్కు ఎవరికుంటుంది?

కొన్ని వారాల తర్వాత ఆఫీసు పని మీద ఖఫ్జీ వెళ్లవలసి వచ్చింది. పలకరించకుండా వచ్చేయడం బాగుండదనిపించి అతని ఇంటికి వెళ్లాను. తలుపు తీశాడు. నెత్తిన ఇంకా సరిగా వెంట్రుకలు రాలేదు, అప్పుడప్పుడే నల్లగా మొలుస్తున్నాయి. ఇంటి పెద్ద పోతే వయసులో చిన్నవాళ్లైన దాయాదులు గుండు చేయించుకోవడం వాళ్లలో ఆచారం. సెలవు దొరకలేదట. ఇక్కడే మంగలి దుకాణంలో చేయించుకున్నాడు.

నేను చూస్తున్నది గమనించి తల తడుముకున్నాడు.

"ఆ మంగలి పాకిస్తానాయన సార్," అన్నాడు. "గుండు కొట్టమంటే, మక్కాకు ఉమ్రా యాత్ర పోయొచ్చినావా అని ముబారక్ చెప్పినాడు. లేదు భాయ్, మా అన్న పోయినాడు అని చెప్పినా."